తలనొప్పి లెక్క: మైగ్రేన్ ఉన్నవాళ్ళు రోజూ ఏం రాసుకోవాలి, ఎందుకు

"నెలకి ఎన్నిసార్లు వస్తుందమ్మా తలనొప్పి?" అని డాక్టరు అడుగుతారు. "ఎప్పుడూ ఉంటూనే ఉంటుందండి" అంటాం. పక్కన కూర్చున్న భర్త "వారానికోసారి అనుకోండి" అని సర్దిచెప్తాడు, ఆవిడేమో "ఏం వారానికోసారి, రోజు విడిచి రోజు పడుకునే ఉంటున్నా కదా" అంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. కానీ ఎవరి మాట పట్టుకుని మందు రాసినా తేడా కొట్టే అవకాశం ఉంది, ఎందుకంటే మైగ్రేన్‌లో నెలకు నాలుగు రోజుల నొప్పికి చేసే వైద్యం వేరు, పన్నెండు రోజులకు వేరు, ఇరవై రోజులకైతే పూర్తిగా వేరు.

మైగ్రేన్ అంటే మన పెద్దవాళ్ళు పార్శ్వపు నొప్పి అనేదే. దాన్ని పట్టి చూపించే రక్తపరీక్ష లేదు. స్కాన్ తీయిస్తే ఎక్కువమందికి నార్మల్ అనే వస్తుంది, అసలు స్కాన్ తీసేదే ఇంకేదైనా జబ్బు ఉందేమో, లేదని తేల్చుకోవడానికి. అంటే డాక్టరుకు దొరికే ఆధారంలో చాలా భాగం మనం నోటితో చెప్పేదే. అది చెప్పుకోవడానికి టైమ్ ఎంత ఉంటుందో కూడా చూడండి. 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో 67 దేశాల లెక్కలు కూడగట్టి ఒక సమీక్ష వేశారు. మామూలు జబ్బులకు మొదట వెళ్ళే డాక్టరు ఒక రోగితో గడిపే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలు దాటితే, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో రెండు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. ఆ రెండు నిమిషాల్లో మూడు నెలల తలనొప్పిని తలుచుకుని చెప్పడం ఎవరి వల్లా కాదు.

"నాకు గుర్తుంటుంది, రాయడం దేనికి" అనేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. నొప్పి విషయంలో జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో 1996లో డొనాల్డ్ రెడెల్‌మయర్, డేనియల్ కానమన్ అనే ఇద్దరు పరిశోధకులు చూశారు (కానమన్‌కే తర్వాత 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది). పెద్దపేగు లోపల గొట్టంతో చూసే కొలొనోస్కోపీ పరీక్ష జరుగుతున్నప్పుడు, ఇప్పుడు ఎంత నొప్పిగా ఉంది, ఇప్పుడెంత అని రోగుల్ని నిమిషం నిమిషానికీ అడిగి రాశారు, అంతా అయ్యాక మొత్తం మీద ఎంత బాధగా ఉందని మళ్ళీ అడిగారు. తేలింది ఏమిటంటే, తర్వాత చెప్పే జవాబు ముఖ్యంగా రెండిటి మీద ఆధారపడింది: అన్నిటికన్నా ఎక్కువ నొప్పి పెట్టిన క్షణం, చివరి మూడు నిమిషాలు. పరీక్ష కొందరికి నాలుగు నిమిషాల్లో అయిపోయింది, కొందరికి గంట పైన పట్టింది, ఆ తేడా మాత్రం జ్ఞాపకంలో దాదాపుగా లేదు. మన సంగతికి వస్తే, నిన్ననే పెద్ద నొప్పి వచ్చి తగ్గి ఉంటే నెలంతా నరకంలాగే గుర్తుంటుంది, గత వారం తెరిపిగా ఉంటే "ఫర్వాలేదండి, ఈమధ్య తగ్గింది" అనేసి బయటికొస్తాం. ఎన్ని రోజులు అన్న ప్రశ్న జ్ఞాపకానికి అసలు పట్టదు, డాక్టరుకు కావలసింది ఆ ప్రశ్నకు జవాబే.

సరే రాస్తాం అనుకున్నాక ఇంకో గొడవ ఉంది. అమెరికాలో ఆర్థర్ స్టోన్ బృందం 2002లో ఒక సరదా పని చేసింది. ఏళ్ళ తరబడి నొప్పులతో ఉన్న 80 మందిని తీసుకుని కొందరికి కాగితం డైరీ, కొందరికి చేతిలో పట్టుకునే చిన్న ఎలక్ట్రానిక్ డైరీ ఇచ్చి రోజుకు మూడుసార్లు రాయమన్నారు. కాగితం డైరీ అట్టలో వెలుతురును పసిగట్టే చిన్న పరికరం పెట్టారు, పుస్తకం ఎప్పుడు తెరిచారో అది నమోదు చేస్తుంది, ఈ సంగతి రాసేవాళ్ళకు చెప్పలేదు. మూడు వారాలయ్యాక చూస్తే, కాగితం మీద వేసిన టైముల ప్రకారం 90 శాతం సరిగ్గా వేళకే రాసినట్టు ఉంది. పరికరం చెప్పింది 11 శాతం. మూడో వంతు రోజులు పుస్తకం తెరవనే లేదు, కానీ ఆ రోజుల పేజీలూ నిండి ఉన్నాయి! బడిలో కాపీరైటింగ్ పుస్తకం ముందురోజు రాత్రి కూర్చుని నింపిన తరం మనది, మనకు ఇది వింతేమీ కాదు.

ఆ పరిశోధన చెప్పేది రోగులు దొంగలని కాదు. రోజుకు మూడుసార్లు, పేజీకి పది ప్రశ్నలు పెడితే ఒంట్లో బాగాలేని మనిషి రాయలేడు, రాయలేదని చెప్పడానికి మొహమాటపడి ఒకేసారి కూర్చుని నింపేస్తాడు, ఆ నింపేది మళ్ళీ జ్ఞాపకం నుంచే. కొత్తగా డైరీ మొదలుపెట్టేవాళ్ళు ఏం చేస్తారంటే మంచి నోట్‌బుక్ కొని, నిద్ర ఎన్ని గంటలు, ఏం తిన్నారు, ఎండలో తిరిగారా, ఎవరితో గొడవైంది, అన్నీ గళ్ళు గీసి పెట్టుకుంటారు. నొప్పి గట్టిగా వచ్చిన రోజున కళ్ళు తెరిచి ఆ గళ్ళు చూడటం కూడా కష్టం. రెండు వారాల్లో పుస్తకం అటక ఎక్కుతుంది. యాప్‌లూ అంతే, మొదటి రోజు సరదాగా ఉంటాయి, తర్వాత ఒక్క తలనొప్పికి పదిహేను తెరలు నొక్కమంటే ఫోన్ వెలుగుకే నొప్పి పెరుగుతుంది.

నన్నడిగితే డైరీకి మొదటి పని లెక్కపెట్టడం. కారణం వెతకడం రెండో పని, చాలామందికి అక్కర్లేని పని కూడా. మనం మాత్రం ఎప్పుడూ రెండోదానితోనే మొదలుపెడతాం.

రెండు అంకెలు

ఒకటి, ఈ నెలలో ఎన్ని రోజులు తలనొప్పి ఉంది. రెండు, ఈ నెలలో ఎన్ని రోజులు నొప్పి మాత్ర వేసుకున్నారు. ఈ రెండూ సరిగ్గా ఉంటే న్యూరాలజిస్ట్ సగం నిర్ణయం తీసుకోగలరు.

మొదటి అంకె ఎందుకంటే, అంతర్జాతీయంగా వాడే తలనొప్పుల వర్గీకరణలో గీతలు రోజుల మీదే గీసి ఉన్నాయి. మూడు నెలలకు మించి, నెలకు పదిహేను రోజులు లేదా ఆ పైన ఏదో ఒక తలనొప్పి ఉండి, అందులో కనీసం ఎనిమిది రోజులు మైగ్రేన్ లక్షణాలతో ఉంటే దాన్ని క్రానిక్ మైగ్రేన్ అంటారు. పద్నాలుగు రోజులు, ఆ లోపు అయితే ఎపిసోడిక్, అంటే వచ్చిపోతూ ఉండే రకం. ఇంకా కింద, నెలకు నాలుగు రోజులు దాటి పనికి అడ్డం పడుతుంటే, నొప్పి వచ్చాక వేసుకునే మాత్ర ఒక్కటే కాకుండా రోజూ వేసుకునే నివారణ మందు గురించి ఆలోచించాల్సిన చోటు అది. ఇక్కడ "ఏదో ఒక తలనొప్పి" అన్న మాట పట్టించుకోండి. మనలో చాలామంది వాంతులయ్యి చీకటి గదిలో పడుకున్న రోజునే తలనొప్పి రోజుగా లెక్కేస్తాం. బామ్ రాసుకుని వంట చేసేసిన రోజు, "కొంచెం బరువుగా ఉంది" అనుకుంటూ ఆఫీసుకు వెళ్ళొచ్చిన రోజు లెక్కలోకి రాదు. అవన్నీ కలిపితే ఐదు అనుకున్నది పద్దెనిమిది కావచ్చు, వైద్యం మొత్తం మారిపోవచ్చు. అందుకే ఎన్ని రోజులు తలనొప్పి అని అడిగే బదులు, తల పూర్తిగా తేలిగ్గా ఉన్న రోజులు ఎన్ని అని అడిగే డాక్టర్లు ఉంటారు. మంచి ప్రశ్న అది.

రెండో అంకె ఇంకా ముఖ్యం, దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. తలనొప్పి జబ్బు ఉన్నవాళ్ళు నొప్పి మాత్రలు మరీ తరచుగా వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయి. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. మాత్ర వేస్తే తగ్గుతుంది, దాని ప్రభావం దిగగానే మళ్ళీ వస్తుంది, మళ్ళీ మాత్ర. దీనికీ గీతలున్నాయి: ఉత్త పారాసెటమాల్, లేదా ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటివైతే నెలకు పదిహేను రోజులు. ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పికి ప్రత్యేకంగా రాసే మాత్రలు), ఎర్గోటమైన్ ఉన్నవి, కెఫీన్ కలిపిన తలనొప్పి మాత్రలు, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లు (నల్లమందు జాతి నొప్పి మందులు) అయితే పది రోజులే. ఒక రోజు ఇది, ఒక రోజు అది అని రకరకాలు వాడినా, అన్నీ కలిపి పది రోజులు దాటితే అదే లెక్క. ఇలా మూడు నెలలకు మించి నడిచి, తలనొప్పి నెలలో సగం రోజులకు చేరితే మాత్రల మీద అనుమానం పెట్టాలి.

మన దగ్గర మెడికల్ షాపులో "తలనొప్పికి ఏదైనా ఇవ్వన్నా" అంటే ఇచ్చే గోళీల్లో కెఫీన్ కలిసినవి, రెండు మూడు మందులు కలిసినవి చాలా ఉంటాయి. చీటీ లేకుండా, పేరు చూడకుండా వేసుకుంటాం. అందుకే డైరీలో మాత్ర వేశాను అని టిక్కు పెడితే సరిపోదు, పేరు రాయాలి, పేరు గుర్తులేకపోతే ఖాళీ స్ట్రిప్పు పారేయకుండా పేజీకి పిన్ను కొట్టినా చాలు. లెక్కపెట్టాల్సింది మాత్రల్ని కాదు, రోజుల్ని. ఒకే రోజు మూడు వేసుకుంటే అది ఒక రోజే, రోజుకొకటి చొప్పున మూడు రోజులు వేస్తే మూడు రోజులు. ఇంకోటి, మోకాలి నొప్పికో నడుము నొప్పికో వేసుకున్న మాత్ర కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. ఏ నొప్పి కోసం మింగామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, మైగ్రేన్ ఉన్న మనిషి తలకు అదీ మాత్రే.

ఈ అంకె చూసి భయపడి మాత్రలన్నీ ఒకేసారి మానేయడం మాత్రం సొంతంగా చేయొద్దు. మానేసిన మొదటి రెండు రోజుల నుంచి పది రోజుల దాకా నొప్పి ముందుకన్నా ఎక్కువవ్వడం మామూలే, వాంతులు, నిద్ర పట్టకపోవడం కూడా ఉంటాయి, ఓపియాయిడ్ రకాలైతే మెల్లిగా తగ్గించాలి. అది డాక్టరుతో మాట్లాడి చేసే పని, అప్పుడు కూడా ఆ డైరీయే దారి చూపిస్తుంది.

ఎక్కడ, ఎలా రాయాలి

నేను వంటగది క్యాలెండర్ మీద రాస్తాను. తిథులూ వర్జ్యాలూ పెద్ద పెద్ద గళ్ళల్లో వేసిన తెలుగు క్యాలెండర్ దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది, పాలు ఎన్ని లీటర్లు, గ్యాస్ బండ ఎప్పుడు మార్చాం, పనిమనిషి రాని రోజులు, అన్నీ దాని మీదే. ఆ గడిలోనే ఒక అంకె, ఒక అక్షరం వేస్తే పావు నిమిషం పని. అంకె నొప్పికి: 0 అంటే లేదు, 1 అంటే ఉంది కానీ పని ఆగలేదు, 2 అంటే పని కుంటుపడింది, 3 అంటే పడుకోవలసి వచ్చింది. పది మెట్ల కొలత ఆసుపత్రిలో బాగుంటుంది, ఇంట్లో "ఇది ఆరా ఏడా" అని ఆలోచిస్తూ కూర్చోవడం దండగ. పనితో ముడిపెట్టిన కొలతకు ఇంకో లాభం, మూడు నెలల్లో ఎన్ని రోజులు ఉద్యోగానికి వెళ్ళలేకపోయారు, ఎన్ని రోజులు ఇంటిపని ఆగింది, ఎన్ని రోజులు పెళ్ళీ పేరంటం మానుకున్నారు అని అడిగే మైడాస్ అనే ప్రశ్నపత్రం ఒకటుంది, దానికి జవాబులు ఇందులోంచే వచ్చేస్తాయి. ఆ రోజులన్నీ కలిపి 21, ఆ పైన వస్తే తీవ్రమైన ఇబ్బంది కిందికి వస్తుంది. అక్షరం మాత్రకు, ప=పారాసెటమాల్ అలా. ఆడవాళ్ళు నెలసరి మొదలైన రోజుకు ఒక చుక్క.

సున్నా కూడా రాయాలి, ఇది చాలామంది వదిలేస్తారు. గడి ఖాళీగా ఉంటే ఆ రోజు నొప్పి లేదో, రాయడం మర్చిపోయామో నెలాఖరున మనకే తెలియదు. మర్చిపోయిన రోజును మర్చిపోయినట్టే వదిలేయండి, ఊహించి నింపొద్దు. నెలలో నాలుగైదు ఖాళీలు ఉన్న నిజమైన లెక్క, ఒక్క ఖాళీ లేని కల్పిత లెక్క కన్నా నయం.

క్యాలెండర్‌తో చిక్కేమిటంటే అది అందరికీ కనిపిస్తుంది. ఉమ్మడి ఇంట్లో కోడలు గోడ మీద వరసగా 3 అంకె వేసుకుంటూ పోతే "మళ్ళీ తలనొప్పేనా, మా కాలంలో ఇవన్నీ ఎక్కడివి" అనే మాట రాకుండా ఉండదు, నెలసరి చుక్క సంగతి చెప్పక్కర్లేదు. అలాంటిచోట పర్సులో పెట్టుకునే చిన్న క్యాలెండర్ కార్డో, ఫోన్‌లో ఉత్త నోట్సో మేలు. యాప్ వాడేవాళ్ళు ఆ సమాచారం ఎక్కడికి పోతోందో, తీసేయమంటే తీసేస్తారో లేదో ఒకసారి చూసుకోండి, ఆరోగ్యం లెక్కలు ఊరికే పంచుకునేవి కాదు. మరోపక్క, గోడ మీది అంకెలు చూసి "నెలలో ఇన్ని రోజులా?" అని మొదటిసారి నమ్మే భర్తలూ అత్తలూ కూడా ఉన్నారు. ఎవరి ఇల్లు ఎలాంటిదో వాళ్ళకే తెలుసు.

ఇక కారణాల వేట

ముసురు పట్టిన రోజు కీళ్ళు లాగుతాయని మన అమ్మమ్మల దగ్గర నుంచి అందరం అంటాం. ఇందాక చెప్పిన రెడెల్‌మయరే ఎమోస్ ట్వర్‌స్కీతో కలిసి 1996లోనే దీన్నీ పరీక్షించాడు. కీళ్ళవాతం ఉన్న 18 మందిని పదిహేను నెలల పాటు చూసి, వాళ్ళ నొప్పినీ ఆ రోజుల వాతావరణాన్నీ పక్కపక్కన పెట్టారు. పద్దెనిమిది మందిలో పదహారు మందికి వాతావరణం వల్లే నొప్పి అని గట్టి నమ్మకం. లెక్కలో చూస్తే సంబంధం దాదాపు సున్నా. చిన్న పరిశోధనే, ఎవరి కీళ్ళకూ వాతావరణంతో సంబంధమే లేదని దీంతో తేల్చేయలేం, కానీ పదహారు మంది అంత నమ్మకంగా చూసింది లెక్కలో లేదన్నది మాత్రం నిజం. వాన, నొప్పి కలిసి వచ్చిన రోజు గుర్తుండిపోతుంది. వాన పడి నొప్పి లేని రోజు ఎవరికి గుర్తుంటుంది?

తలనొప్పిలో ఇది ఎలా మోసం చేస్తుందో ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక నెలలో పన్నెండు రోజులు తలనొప్పి వచ్చింది, అందులో ఎనిమిది రోజులు చింతపండు పులుసు తిన్నారు. పన్నెండింట ఎనిమిది! పులుపు పడట్లేదు, మానేయాల్సిందే అంటారు ఇంట్లో అందరూ. కానీ ఆ నెలలో మొత్తం పులుసు తిన్న రోజులు ఇరవై అనుకోండి, అంటే తిన్న ఇరవై రోజుల్లో ఎనిమిది రోజులు నొప్పి, నలభై శాతం. తినని పది రోజుల్లో నాలుగు రోజులు నొప్పి, అదీ నలభై శాతమే. పులుసు పాపం ఏమీ చేయలేదు, ఎక్కువ రోజులు తిన్నారు కాబట్టి ఎక్కువ రోజులు పట్టుబడింది, అంతే. నొప్పి వచ్చిన రోజునే ఏం తిన్నామో రాసుకునే డైరీ ఈ తప్పును ఎప్పటికీ బయటపెట్టలేదు, ఎందుకంటే మిగతా పద్దెనిమిది రోజుల సంగతి అందులో ఉండదు. నొప్పి వచ్చిన రోజు మాత్రమే తెరిచే డైరీ అనుమానాల జాబితా అవుతుంది, దాంతో పులుపు, వంకాయ, పెరుగు, అరటిపండు ఒక్కొక్కటీ మానేస్తూ పోయి చివరికి ఉత్త చారన్నం మీద బతుకుతూ, తలనొప్పి మాత్రం అలాగే ఉన్న మనుషులు తయారవుతారు.

ఇంతకన్నా తమాషా అయిన మోసం ఇంకోటి ఉంది, అది కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తుంది. మైగ్రేన్ తలనొప్పితో మొదలవదు. నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి రెండు రోజుల ముందే మెదడులో మార్పు మొదలై ఒంట్లో తెలుస్తుంది: ఊరికే ఆవలింతలు, మెడ పట్టేయడం, నీరసం, చిరాకు, తీపి తినాలనిపించడం, వెలుతురు కాస్త గుచ్చుకున్నట్టు ఉండటం. సాయంత్రం మెడ పట్టేసింది, రాత్రి తలనొప్పి వచ్చింది, కాబట్టి మెడ వల్లే తల అని దిండ్లు మారుస్తాం. మధ్యాహ్నం చాక్లెట్ తినాలనిపించి తిన్నాం, సాయంత్రం నొప్పి, కాబట్టి చాక్లెట్ దోషి. నిజానికి అప్పటికే మైగ్రేన్ మొదలైంది, చాక్లెట్ కావాలనిపించింది అందువల్ల కావచ్చు. 2003లో వచ్చిన ఒక ఎలక్ట్రానిక్ డైరీ అధ్యయనంలో 97 మంది ఇలాంటి ముందస్తు లక్షణాలను వేళకు వేళ నమోదు చేశారు, వాటిని చూసి తలనొప్పి వస్తుందని వాళ్ళు చెప్పిన మాట 72 శాతం సార్లు నిజమైంది. అంటే ఈ లక్షణాలు రాసుకోవడం వల్ల ఉపయోగం ఉంది, కాకపోతే ఆ ఉపయోగం ముందే తెలుసుకోవడానికి. ఆ రోజు బండి మీద దూరం వెళ్ళకుండా ఉండటం, వేళకు తినడం, మాత్ర దగ్గర పెట్టుకోవడం.

డెన్మార్క్‌లో 2013లో ఇంకా సూటిగా పరీక్షించారు. ఎక్కువ వెలుతురు వల్లో, కష్టమైన వ్యాయామం వల్లో తమకు మైగ్రేన్ వస్తుందని గట్టిగా చెప్పిన 27 మందిని (వీళ్ళందరికీ నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు కనిపించే రకం) తీసుకుని అదే వెలుతురు, అదే వ్యాయామం పెట్టారు. వాళ్ళ మామూలు రకం మైగ్రేన్ వచ్చింది ముగ్గురికే, ఇంకో ముగ్గురికి మెరుపుల్లేని మైగ్రేన్ వచ్చింది, మిగిలిన ఇరవై ఒక్కమందికి మైగ్రేన్ రాలేదు. ట్రిగ్గర్లే, అంటే నొప్పిని రేపే కారణాలే, లేవని దీనర్థం కాదు. భోజనం మానేయడం, నిద్ర తేడా, నెలసరి, మానసిక ఒత్తిడి చాలామందిలో పదేపదే కనిపిస్తాయి, రోహిణి కార్తె ఎండలో తిరిగొచ్చి తల పట్టుకున్నవాళ్ళకు నేను పరిశోధనలు వినిపించను. ఒక్క ట్రిగ్గర్ ప్రతిసారీ పనిచేయదని, రెండు మూడు కలిసొచ్చినప్పుడు గీత దాటవచ్చని మాత్రం అర్థం చేసుకోవాలి.

వెతకాలనే ఉంటే తిండి కన్నా వేళల దగ్గర వెతకండి. వారమంతా బాగుండి ఆదివారం పొద్దున్నే తలనొప్పితో లేచేవాళ్ళున్నారు. ఆ రోజు రెండు గంటలు ఎక్కువ పడుకున్నారు, ఆరింటికి తాగే కాఫీ తొమ్మిదింటికి పోయింది, టిఫిన్ పదింటికి. రోజూ గట్టిగా కాఫీ తాగే అలవాటున్నవాళ్ళకు ఒక్క రోజు అది ఆగినా తలనొప్పి వస్తుంది, ఉపవాసం నాడు వచ్చే నొప్పిలో ఆకలి వాటా ఎంతో, ఆగిన కాఫీ వాటా ఎంతో చూసుకోవాలి. ఒత్తిడి సంగతీ తిరకాసే: 2014లో అమెరికాలో 17 మందితో చేసిన చిన్న డైరీ అధ్యయనంలో, టెన్షన్ దిగిపోయిన తర్వాతి గంటల్లో మైగ్రేన్ ఎక్కువగా మొదలవడం కనిపించింది. పెళ్ళి పనులన్నీ మోసినంత సేపూ నిలబడి, అప్పగింతలయ్యి బంధువులు బస్సెక్కగానే మంచమెక్కే పెద్దక్కలు మనందరి ఇళ్ళలో ఉన్నారు.

నెలసరికి సంబంధించిన మైగ్రేన్ మాత్రం డైరీ లేకుండా తేలదు. దాని నిర్వచనంలోనే లెక్క ఉంది: నెలసరి మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి మొదలైన మూడో రోజు దాకా ఉన్న ఐదు రోజుల్లో, మూడు నెలసరుల్లో కనీసం రెండింట్లో నొప్పి రావాలి. మిగతా రోజుల్లోనూ వస్తుందా, ఆ రోజుల్లోనే వస్తుందా అన్నదాన్ని బట్టి మళ్ళీ రెండు రకాలు. ఇది తేలితే డాక్టరు ఆ ఐదారు రోజులకే సరిపడా మందు ఆలోచించవచ్చు. మూడు నెలల చుక్కలూ అంకెలూ చూపిస్తే అర నిమిషంలో తేలేది, నోటితో చెప్తే "అప్పుడూ వస్తుంది, అప్పుడు కాకపోయినా వస్తుంది" దగ్గర ఆగిపోతుంది.

మందు పనిచేస్తోందా

నివారణ మందులు, ప్రొప్రానొలాల్, అమిట్రిప్టిలిన్, టొపిరమేట్, ఫ్లునారిజిన్ లాంటివి, వేసుకున్న రోజే పనిచేసేవి కావు. సరైన మోతాదుకు చేరాక కనీసం రెండు నెలలు చూడాలి. బాగా పనిచేసింది అనడానికి డాక్టర్లు వాడే కొలత తలనొప్పి రోజులు సగానికి తగ్గడం. పన్నెండు రోజుల నుంచి ఆరుకు వస్తే గెలిచినట్టే, కానీ ఆ ఆరు రోజులూ నొప్పి నొప్పే కాబట్టి మనిషికి "ఏం తగ్గలేదు, మళ్ళీ నిన్న వచ్చింది" అనే అనిపిస్తుంది, మందు మానేస్తారు. ముందు నెల అంకె చేతిలో ఉంటేనే ఈ తప్పు జరగదు. మందు మొదలుపెట్టిన రోజు, మోతాదు పెంచిన రోజు గుర్తు పెట్టుకోండి, దాంతోపాటు కొత్తగా వచ్చిన ఇబ్బందులు కూడా, ఫ్లునారిజిన్‌తో మగతా బరువు పెరగడం, టొపిరమేట్‌తో వేళ్ళ తిమ్మిర్లూ మాట తడబడటం లాంటివి.

వ్యతిరేక దిశలోనూ డైరీ కాపాడుతుంది. మనం ఎప్పుడు కొత్త వైద్యం వెతుక్కుంటాం? అన్నిటికన్నా ఘోరంగా ఉన్న నెలలో. మైగ్రేన్ దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఉండే జబ్బు, ఘోరమైన నెల తర్వాత ఏం చేసినా, ఏం చేయకపోయినా కాస్త మంచి నెల వచ్చే అవకాశమే ఎక్కువ. ఆ మధ్యలో ఎవరో చెప్పారని ముక్కులో పసరు పిండించుకుంటే, ఆ పేరు పసరుకు వస్తుంది. ఖరీదైన ఇంజెక్షన్‌కైనా ఇదే వర్తిస్తుంది. మందుకు ముందు ఒకటి రెండు నెలల లెక్క, తర్వాత రెండు మూడు నెలల లెక్క పక్కపక్కన ఉంటే పేరు ఎవరికి ఇవ్వాలో తెలుస్తుంది.

రాస్తూ పోతే జబ్బే జీవితమైపోతుందని కొందరు డాక్టర్లే హెచ్చరిస్తారు, అందులో నిజం ఉంది. గంటగంటకూ తల తడుముకుని "ఉందా, లేదా" అని చూసుకునే మనిషికి ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. అందుకే రోజుకు ఒకసారి, పడుకునే ముందు, ఒక అంకె. అది కూడా ఆందోళన పెంచుతోందనిపిస్తే ఇంట్లో ఇంకొకరికి అప్పగించినా ఫర్వాలేదు. నొప్పి నెలకు ఒకటి రెండు రోజులకు దిగి ఏడాదిగా అలాగే ఉంటే మానేయొచ్చు, మందు మార్చినప్పుడు మళ్ళీ మొదలుపెడితే సరిపోతుంది.

డైరీలో రాసి వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడని తలనొప్పులు కూడా ఉన్నాయి. ఒక్కసారిగా, నిమిషంలోపే తారస్థాయికి చేరిన నొప్పి, జీవితంలో ఎప్పుడూ రానంత నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, చేయి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, మూర్ఛ, తలకు దెబ్బ తగిలాక పెరుగుతున్న నొప్పి. ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికే. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని, గర్భంతో ఉన్నప్పుడో కాన్పు తర్వాతో కొత్తగా వచ్చిన దాన్ని కూడా తొందరగా చూపించుకోవాలి.

మిగతావాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పుస్తకమంతా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టకండి, రెండు నిమిషాల్లో ఎవరూ చదవరు. ఒక చిన్న కాగితం మీద మూడు వరసలు చాలు, నెలకొకటి: తలనొప్పి రోజులు, అందులో 3 వేసిన రోజులు, మాత్ర వేసిన రోజులు. కింద వాడుతున్న మందుల పేర్లు, మోతాదు, ఇదివరకు వాడి మానేసినవి, ఎందుకు మానేశారో ఒక్కో మాటలో. ఆ కాగితం కూర్చోగానే ఇచ్చేయండి, కథ తర్వాత చెప్పొచ్చు.